పేరేమో సెవెన్, పన్నేమో ఎనిమిది: పాత బ్రిటిష్ చిన్నకార్ల ప్రకటనలు చదవడం ఎలా

1920ల నాటి ఆస్టిన్ సెవెన్ ప్రకటన ఎక్కడైనా కంటపడితే బొమ్మను కాసేపు పక్కన పెట్టి, అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే వరుస చూడండి. ధర పక్కన పన్ను 8 పౌండ్లు అని ఉంటుంది. కారు పేరు ఏడు, పన్ను ఎనిమిది. ఈ ప్రకటనలు చూడటం మొదలుపెట్టిన కొత్తలో అచ్చుతప్పు అనుకుని వదిలేశాను. అచ్చుతప్పు కాదని, ఆ కారు అంత చిన్నగా ఎందుకు పుట్టిందో ఆ ఒక్క అంకే చెబుతుందని తెలిశాక మాత్రం ప్రతి పాత ప్రకటననీ అడుగు నుంచి పైకి చదవడం అలవాటైంది. పైన బొమ్మలో ఉండేది కొనేవాడి ఆశ. కింద సన్నటి అక్షరాల్లో ఉండేది ఆ రోజుల్లో అతని మెడ మీద ఉన్న పన్ను, రేషన్, వాయిదాల చెల్లింపు. చిన్నకారును తయారుచేసింది ఆ కింది వరుసే అని నా నమ్మకం.

ముందు పన్ను సంగతి. 1921 జనవరి నుంచి బ్రిటన్‌లో కారు మీద ఏడాదికి హార్స్‌పవర్‌కి ఒక పౌండు చొప్పున పన్ను వేశారు. ఆ హార్స్‌పవర్ ఇంజన్ నిజంగా ఇచ్చే శక్తి కాదు, కాగితం మీద కట్టే లెక్క. సిలిండర్ వ్యాసాన్ని అంగుళాల్లో కొలవాలి, ఆ అంకెను దానితోనే గుణించాలి, ఎన్ని సిలిండర్లుంటే అన్నిటితో మళ్ళీ గుణించి రెండున్నరతో భాగించాలి. అంతే. పిస్టన్ ఎంత దూరం పైకీ కిందికీ కదులుతుందన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఆస్టిన్ సెవెన్ సిలిండర్ వ్యాసం 2.2 అంగుళాలు, సిలిండర్లు నాలుగు. మీరే గుణించి చూడండి, ఏడున్నర దాటి ఎనిమిదికి కాస్త ఇవతల ఆగుతుంది. ఏడు మీద ఎంత చిల్లర ఉన్నా పూర్తి ఎనిమిది కిందే లెక్క, అందుకే పన్ను 8 పౌండ్లు. ఇక ఇంజన్ నిజంగా ఇచ్చే శక్తి పది హార్స్‌పవర్ పైచిలుకు. ఒకే కారు, మూడు అంకెలు, మూడూ నిజమే.

ఇదే లెక్కను అమెరికా వాళ్ళ ఫోర్డ్ మోడల్ టీకి కట్టండి. దాని సిలిండర్ వ్యాసం మూడుముప్పావు అంగుళాలు, సిలిండర్లు అవే నాలుగు. ఇరవై రెండున్నర దగ్గర తేలుతుంది, అంటే ఏటా 23 పౌండ్లు కట్టాలి. సెవెన్‌కి కట్టేదానికి దాదాపు మూడు రెట్లు. దిగుమతి సుంకం సంగతి వేరే. పన్ను పేరుతో బ్రిటన్ తన కార్ల కంపెనీల చుట్టూ కంచె వేసుకుంది, ఆ కంచె లోపల పెరిగిన మొక్కే బ్రిటిష్ చిన్నకారు. వ్యాసం మీదే పన్ను కాబట్టి ఇంజనీర్లు సిలిండర్‌ని సన్నగా చేసి పొడుగు పెంచారు. అలాంటి ఇంజన్ తక్కువ వేగంలో బాగా లాగుతుంది కానీ గబగబా తిరగలేదు. టాప్ గేర్‌లోనే గుట్ట ఎక్కేస్తుందని ఆనాటి ప్రకటనలు పదే పదే చెప్పుకోవడం, గరిష్ఠ వేగం ఊసు పెద్దగా ఎత్తకపోవడం అందుకే. ఉన్న బలాన్నే చాటుకున్నారు.

ఆస్టిన్ సెవెన్ పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. 1921లో హెర్బర్ట్ ఆస్టిన్ కంపెనీ అప్పుల్లో మునిగి రిసీవర్ (అప్పులవాళ్ళ బాకీ తీర్చడానికి నియమించిన అధికారి) చేతుల్లోకి వెళ్ళింది. చిన్నకారు ఆలోచనకి బోర్డు ఒప్పుకోలేదు. ఆయన స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేళ్ళ డ్రాయింగ్ కుర్రాణ్ణి ఇంటికి తెచ్చుకుని, బిలియర్డ్స్ ఆడుకునే గదిలో కూర్చోబెట్టి, సొంత డబ్బుతో నమూనా గీయించాడు. తర్వాత కంపెనీ ఆ కారు తయారుచేసినప్పుడు ఒక్కో కారుకి రెండు గినీల (గినీ అంటే ఒక పౌండు ఒక షిల్లింగు) చొప్పున ఆయనకు ముట్టింది. 1922లో బయటపెట్టినప్పుడు ధర 165 పౌండ్లు, తర్వాత ఏటా తగ్గుతూ వచ్చింది. ప్రకటనల్లో నినాదం 'ది మోటార్ ఫర్ ది మిలియన్', అంటే లక్షలాది మంది మామూలు జనం కోసం చేసిన బండి. పోటీ ఇంకో కారుతో కాదు, పక్కన తొట్టి కట్టుకున్న మోటార్‌సైకిల్‌తో. భార్యనీ బిడ్డనీ ఆ తొట్టిలో కూర్చోబెట్టుకుని వానలో తడుస్తూ వెళ్ళే గుమస్తా, చిన్న దుకాణదారు, బడిపంతులు, వీళ్ళ కోసం ఆ ప్రకటనలు. అందుకే ఆ బొమ్మల్లో అంత తరచుగా కుటుంబం కనిపిస్తుంది, పైకప్పు కనిపిస్తుంది. 1939 దాకా దాదాపు 2,90,000 సెవెన్‌లు తయారయ్యాయి. జర్మనీలో డిక్సీ పేరుతో లైసెన్స్ మీద తయారైన సెవెనే, 1928లో ఆ ఫ్యాక్టరీని కొన్న బీఎండబ్ల్యూకి మొదటి కారు అయింది.

ధర తగ్గించి జనాన్ని పిలవడం మాత్రం అనుకున్నంత సులువుగా సాగలేదు. 1931లో మోరిస్ కంపెనీ తన మైనర్‌ని సరిగ్గా 100 పౌండ్లకి పెట్టింది. రెండే సీట్లు, బూడిద రంగు, మెరుపు అన్నది దాదాపు లేదు. ప్రకటన చూసి జనం షోరూమ్‌కి వచ్చారు, కానీ కొన్నది దాని పక్కన నిలబెట్టిన ఖరీదైన రకాన్ని. అందరికన్నా చవకైన కారు కొన్నానని వీధిలో తెలిస్తే చిన్నతనం, అది మనకు కొత్తేమీ కాదు, ఎక్కడైనా మనిషి మనిషే. ఆ వంద పౌండ్ల కారు అసలు పని పత్రికలో పెద్ద అక్షరాల్లో కనిపించడమే. నాలుగేళ్ళ తర్వాత, 1935లో ఫోర్డ్ వాళ్ళు నలుగురు కూర్చునే, పూర్తి పైకప్పున్న కారునే 100 పౌండ్లకి తెచ్చారు. అప్పుడు మాత్రం ఆ అంకెకు నిజమైన బలం వచ్చింది. ఆస్టిన్ వాళ్ళు ఇంకో దారి పట్టారు: మీరు కొనేది కారు, కానీ ఆస్టిన్ కొంటే అది పెట్టుబడి, అని. చవక అనే మాట నోట రాకుండా పొదుపరిని పిలవడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆ ఒక్క వాక్యం చాలు.

బొమ్మల గురించి ఒక హెచ్చరిక. 1950ల చివరి దాకా ఈ ప్రకటనల్లో ఎక్కువ భాగం చిత్రకారులు రంగుల్లో వేసినవి, ఫొటోలు కావు. చాలావాటిలో కారు అసలుకన్నా పొడుగ్గా, నేలకి దగ్గరగా ఉంటుంది, లోపల మనుషులు అసలు మనుషుల కన్నా చిన్నగా ఉంటారు. మనిషి బొమ్మ చిన్నదైతే సీటు దానంతటదే పెద్దదవుతుంది కదా. అదే కారు ఫొటో తెచ్చి పక్కన పెట్టి, తలకీ పైకప్పుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో రెండిట్లోనూ కొలవండి, తేడా వెంటనే తెలిసిపోతుంది. అలాగని ఆ చిత్రకారుల్ని తక్కువ చేయలేను. తడి రోడ్డు మీద హెడ్‌లైట్ వెలుగు, పల్లె వంతెన, సాయంత్రపు ఎండ, ఎంత ప్రాణం పెట్టి వేశారో! కారు గురించి నమ్మకండి, ఆ రోజుల్లో జనం ఏం కోరుకున్నారో దాని గురించి మాత్రం పూర్తిగా నమ్మండి.

ఇక్కడ రెండు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే అవి మన ఇళ్ళల్లో ఇప్పటికీ బతికున్నాయి. 1920ల ప్రకటనల్లో 'డిక్కీ' అని కనిపిస్తే సామాన్ల పెట్టె అనుకోకండి. రెండు సీట్ల కారు వెనక మూత తెరిస్తే బయటకొచ్చే మడత సీటది, అందులో కూర్చున్నవాళ్ళకి పైకప్పు ఉండదు. సీటు పోయింది, మూత మిగిలింది, మాట మాత్రం మన దగ్గర స్థిరపడిపోయింది. స్టెప్నీ సంగతీ అంతే. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో, స్టెప్నీ వీధిలో మొదలైన సంస్థ తయారుచేసిన అదనపు చక్రం అది. అప్పట్లో కార్లకి విడి చక్రం ఇచ్చేవాళ్ళు కాదు, టైరు పంక్చరైతే ఈ స్టెప్నీని దాని పక్కనే బిగించి ఇంటికి చేరేవాళ్ళు. ఆ వీధి పేరును ఈ రోజుకీ మన మెకానిక్ షెడ్లలో గంటకోసారి తలుచుకుంటున్నాం.

యుద్ధం అయ్యాక అడుగు వరుస మారిపోయింది. హార్స్‌పవర్ పన్ను తీసేసి 1948లో అన్ని కొత్త కార్లకీ ఏడాదికి 10 పౌండ్లు చేశారు, కాబట్టి సన్నటి సిలిండర్ అవసరం పోయింది. కానీ కార్లు దొరకవు. దేశం అప్పుల్లో ఉంది, డాలర్లు కావాలి, ఉక్కు కొరత. ఎగుమతి చేసే కంపెనీకే ఉక్కు కోటా. కొత్త కార్లలో ఎక్కువ భాగం ఓడ ఎక్కి ఆస్ట్రేలియాకో అమెరికాకో వెళ్ళిపోయేవి. ఇంట్లో ఉన్నవాడు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. తీరా కారు చేతికొచ్చాక వెంటనే తిరిగి అమ్మనని ఒప్పందం మీద సంతకం కూడా పెట్టాలి, ఎందుకంటే పాత కారు కొత్త కారు కన్నా ఎక్కువ ధర పలికే రోజులవి. మరి అమ్మడానికి కార్లు లేనప్పుడు ప్రకటనలెందుకు? పేరు మరిచిపోకుండా ఉండటానికి. ఆ ప్రకటనలు ఈ రోజు కొనండి అని తొందరపెట్టవు. మా కార్లు ప్రపంచమంతా తిరుగుతున్నాయి అని గర్వంగా చెబుతాయి, 'ఆస్టిన్ ఆఫ్ ఇంగ్లండ్' అని దేశం పేరు కలిపి రాసుకుంటాయి. లైసెన్సుల రోజుల్లో అంబాసిడర్ కోసమో స్కూటర్ కోసమో ఏళ్ళ కొద్దీ ఎదురుచూసిన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఆ ప్రకటనల స్వరం ఇట్టే అర్థమవుతుంది.

1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్‌కోర్ట్ ప్రదర్శనలో వచ్చిన మోరిస్ మైనర్ ఈ కాలపు బిడ్డే. (1931 నాటి మైనర్ వేరు, పేరు మాత్రమే ఒకటి. బ్రిటిష్ కంపెనీలు పాత పేర్లను మళ్ళీ మళ్ళీ వాడుకుని మనల్ని తికమక పెడతాయి.) అలెక్ ఇసిగోనిస్ దీన్ని రూపొందిస్తే, కంపెనీ యజమాని లార్డ్ నఫీల్డ్ పెంకు పగలగొట్టి నీళ్ళలో ఉడికించిన గుడ్డులా (పోచ్డ్ ఎగ్) ఉందని ఈసడించుకున్నాడు. బయటికి రావడానికి కొద్దికాలం ముందే ఇసిగోనిస్ నమూనా కారును నిలువునా రెండుగా కోయించి, మధ్యలో నాలుగు అంగుళాలు కలిపాడు. మొదట్లో హెడ్‌లైట్లు కిందికి, జాలీ పక్కన ఉండేవి. అమెరికా నిబంధనలకి అవి సరిపోక, ఎగుమతి కార్లకి ముందుగా పైకి మార్చారు, 1951 నాటికి బ్రిటన్‌లో అమ్మేవాటికీ అదే పద్ధతి వచ్చింది. 1956 చివరికి రెండు ముక్కల ముందు అద్దం పోయి ఒకే అద్దం వచ్చింది. తేదీ లేని మైనర్ ప్రకటన చేతికొస్తే ముందు దీపాలు, తర్వాత అద్దం చూడండి, కాలం దాదాపు తేలిపోతుంది. పది లక్షల సంఖ్య దాటిన మొదటి బ్రిటిష్ కారు ఇదే. 1960 చివర్లో ఆ మైలురాయి చేరినప్పుడు లేత ఊదారంగులో మూడువందల యాభై దాకా ప్రత్యేకమైన కార్లు తయారుచేశారు.

ఇప్పుడు ధర వరుస, అందరూ తడబడేది ఇక్కడే. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. రూపాయి, అణా, పైసల లెక్క ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళకి ఇది కష్టం కాదు. ధర రెండు భాగాలుగా ఉంటుంది: అసలు ధర, దాని మీద కొనుగోలు పన్ను. 1959లో వచ్చిన మినీనే తీసుకోండి. అసలు ధర 350 పౌండ్లు, పన్ను 146 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు, మొత్తం 496 పౌండ్ల 19 షిల్లింగుల 2 పెన్నీలు. పన్ను రేటు యాభై శాతం, కానీ 350లో సగం 175 అవ్వాలి కదా అంటారు. పన్ను వేసేది డీలర్ కొనే టోకు ధర మీద, అందుకే ఆ తేడా. ఇంకా చిత్రమేమిటంటే, ఆ ధరలో హీటర్ లేదు. ఇంగ్లండ్ చలిలో! హీటర్ కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. 500 పౌండ్ల గీతకి మూడు పౌండ్లు కింద ఆగడం కోసం ఏమేం తీసేశారో ఆ ప్రకటన చెప్పదు, లేనివాటి జాబితా మీరే రాసుకోవాలి. 1953 నాటి ఫోర్డ్ పాపులర్ 390 పౌండ్లకి వచ్చినప్పుడు దానికి అద్దం తుడిచే వైపర్ ఒక్కటే ఉండేది, అదీ ఇంజన్ పీల్చే గాలితో నడిచేది. గుట్ట ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే పీల్పు తగ్గి, సరిగ్గా వానలో అవసరమైన చోటే వైపర్ నెమ్మదించేది. ప్రకటనలో కనిపించేది మాత్రం ధర.

మైలేజీ విషయంలోనూ ఒక చిక్కుంది. మినీ గాలన్‌కి 50 మైళ్ళు అన్నారు. ఇది బ్రిటిష్ గాలన్, అంటే 4.546 లీటర్లు. మన లెక్కలో లీటరుకి 17.7 కిలోమీటర్లు. అమెరికా గాలన్ చిన్నది, 3.785 లీటర్లు, దాంతో కట్టేస్తే అంకె ఎక్కడికో పోతుంది. పైగా ఆ 50 నిదానంగా నడిపితే వచ్చేది. మామూలుగా నడిపి చూసిన పత్రికలకి 40 ప్రాంతంలో వచ్చింది.

మినీ దగ్గర ఇంకో ముడి ఉంది. 1959 ఆగస్టు 26న ఒకే కారు రెండు పేర్లతో వచ్చింది, మోరిస్ మినీ మైనర్, ఆస్టిన్ సెవెన్. 1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అయినా, ఊరూరా డీలర్లు మాత్రం వేరువేరుగానే మిగిలారు. తరతరాలుగా ఆస్టిన్ కొనే కుటుంబం మోరిస్ షాపు గడప తొక్కదు. అందుకే ఒకే కారుకి రెండు జాలీలు, రెండు బ్యాడ్జీలు, రెండు ప్రచారాలు. మోరిస్ వాళ్ళది 'విజర్డ్రీ ఆన్ వీల్స్', చక్రాల మీద మాయాజాలం అని. ఆస్టిన్ వాళ్ళు పాత సెవెన్ పేరు మీద నడిచారు. ఆ పేరుని అప్పటికే 1951లో ఏ30 అనే కారుకి ఓసారి వాడేశారు కూడా. కాబట్టి ఆస్టిన్ సెవెన్ ప్రకటన అని ఎవరైనా అంటే మొదటి ప్రశ్న ఏ సెవెన్ అని. 1962లో ఆస్టిన్ కూడా మినీ అనే పేరుకే వచ్చింది, అప్పటికే జనం అలా పిలుస్తున్నారు.

ఈ కారు వెనక ఉన్నది సూయజ్ సంక్షోభం. 1956 డిసెంబరు నుంచి 1957 మే దాకా బ్రిటన్‌లో పెట్రోలు రేషన్ నడిచింది. జనం బుడగల్లాంటి చిన్న బండ్లు కొనడం మొదలుపెట్టారు, వాటిని రోడ్ల మీద నుంచి తరిమేసే అసలైన చిన్నకారు కావాలని బీఎంసీ అధిపతి లెనార్డ్ లార్డ్ ఇసిగోనిస్‌కి చెప్పాడు. పది అడుగుల పొడవు, పది అంగుళాల చక్రాలు, ఇంజన్‌ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ని దాని కిందే నూనె తొట్టిలో పెట్టేశాడు. కారు వైశాల్యంలో 80 శాతం మనుషులకీ సామాన్లకీ మిగిలింది. అందుకే మినీ ప్రకటనల్లో కారును నిలువునా కోసి చూపే బొమ్మలు, చుట్టూ పెట్టెలూ బుట్టలూ పేర్చిన ఫొటోలు అంతగా కనిపిస్తాయి. చిన్నదనాన్ని దాచాల్సిన అవసరం మొదటిసారి తప్పింది, ఎంత చిన్నదో చూపించడమే ప్రచారమైంది. డిక్కీ మూత కిందికి తెరుచుకుంటుంది, దాన్ని అలాగే వదిలేసి దాని మీద సామాన్లు పెట్టుకుని వెళ్ళొచ్చు. అప్పుడు నంబర్ పలక వెనకవాళ్ళకి కనపడాలి కాబట్టి, అది వేలాడేలా కీలు పెట్టారు. ఒక మనిషి ఇంతదాకా ఆలోచించాడా అని నేను ఆగిపోయిన చోటు అది.

మొదటి మినీల నేల అతుకుల్లోంచి వాన నీళ్ళు లోపలికి వచ్చేవి. ఇంజన్ మీది డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకి నిప్పురవ్వ కోసం కరెంటు పంచే భాగం) ముందు జాలీ వైపే ఉండటంతో వానలో తడిసి ఆగిపోయేది. అలాంటి కారుని ఏ ప్రకటనా నిలబెట్టలేదు. ఫోర్డ్ వాళ్ళు ఒక మినీని విప్పి ముక్క ముక్కకీ ఖరీదు కట్టి, ఈ ధరకి అమ్మితే కారుకి 30 పౌండ్ల నష్టం అని తేల్చారు. నిలబెట్టింది వేరే. ఎలిజబెత్ రాణి చెల్లెలు మార్గరెట్, బీటిల్స్ నలుగురూ మినీ నడిపారు. 1964లో పాడీ హాప్‌కిర్క్ మినీతో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు, 1965లో మళ్ళీ మినీయే. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే, హెడ్‌లైట్ల సాంకేతిక కారణంతో మూడింటినీ పక్కన పెట్టేశారు. గెలిచినప్పటికన్నా అప్పుడే ఎక్కువ పేరొచ్చింది. 1967లో మళ్ళీ గెలిచింది. వంద పౌండ్ల మోరిస్‌కి అడ్డుపడిన చిన్నతనం అనే భయం ఇక్కడ పోయింది. డబ్బు లేక కొన్నాడో, ఇష్టపడి కొన్నాడో, మినీని చూసి ఎవరూ చెప్పలేరు.

1963 నాటి హిల్‌మన్ ఇంప్ మీద ఒక్క మాట. మినీకి జవాబుగా వచ్చిన మంచి కారు, అల్యూమినియం ఇంజన్ వెనకాల, వెనక అద్దం తెరిచి సామాన్లు పెట్టుకునే వీలు. దాన్ని ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో తయారుచేయనివ్వకుండా, ఉద్యోగాలు కావాల్సిన స్కాట్లండ్‌లోని లిన్‌వుడ్‌కి పంపించింది ప్రభుత్వ విధానం. అక్కడ పోత పోసిన ఇంజన్ భాగాలు కొవెంట్రీ దాకా వెళ్ళి, సాన పట్టుకుని, మళ్ళీ వెనక్కి రావాలి. అందమైన ప్రకటనల వెనక ఇంత ప్రయాణ ఖర్చు దాగుంది.

చివరికి ట్రయంఫ్ హెరాల్డ్, ఇది మన వైపుకి వచ్చే దారి. 1959లోనే వచ్చింది, గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. ప్రకటనలన్నీ ఇరవై అయిదు అడుగుల మలుపు గురించే, అంటే అంత వెడల్పులోనే గుండ్రంగా తిరిగేస్తుందని, లండన్ టాక్సీకి దీటుగా తిరుగుతుందని. ముందు చక్రాలు అంతలా తిరగడానికి వీలైంది విడి చాసిస్ (బాడీకి వేరుగా, కింద ఉండే చట్రం) వల్ల. అప్పటికే అందరూ వదిలేస్తున్న విడి చాసిస్‌ని వీళ్ళెందుకు పట్టుకున్నారంటే, బాడీలు తయారుచేసి ఇచ్చే ఫిషర్ అండ్ లుడ్లో కంపెనీని 1953లోనే పోటీదారు బీఎంసీ కొనేసింది. ఒకే ముక్కగా బాడీ చేసిచ్చే దిక్కు లేక, ముక్కలు ముక్కలుగా తెచ్చి చాసిస్ మీద బోల్టులతో బిగించేలా కారుని గీశారు. గతిలేక చేసిన ఆ పని వల్లే విడిభాగాలుగా పెట్టెల్లో పంపి ఎక్కడైనా కూర్చగలిగే కారు తయారైంది. 1961లో మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు దాన్ని స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మొదలుపెట్టారు. బ్రిటన్‌లో హెరాల్డ్‌కి చివరిదాకా రెండే తలుపులు. వెనక సీట్లోకి వంగి దూరాల్సిన బాధ లేకుండా నాలుగు తలుపుల హెరాల్డ్ తయారైంది ఒక్క మద్రాసులోనే.